గడికి సంఖ్యయే గాని పేరు లేదు

కంప్యూటరు తెరపై ఒక ఫారము కనబడవలెనన్నచో, అందులో ఏది ఎక్కడ నుండవలెనో ముందుగా వ్రాసి యుంచవలెను. 2006లో మైక్రోసాఫ్ట్ సంస్థ వెలువరించిన డబ్ల్యు.పి.ఎఫ్.లో దీనిని 'జామెల్' అను గుర్తుల భాషలో వ్రాయుదురు. అందలి ముఖ్యమైన అమరిక గ్రిడ్. మొదట అడ్డు వరుసలను, నిలువు వరుసలను ప్రకటించి, పిమ్మట ఒక్కొక్క వస్తువును ఏ గడిలో నుంచవలెనో చెప్పుట దీని పద్ధతి.

కొలతలు చెప్పు తీరు మెచ్చదగినది. స్థిరమైన అంకె వేయవచ్చును. లోనున్న దానికి సరిపడునంత అనుటకు 'ఆటో' అని వ్రాయవచ్చును. మిగిలిన చోటులో వంతు కావలెనన్నచో నక్షత్రపు గుర్తు పెట్టవచ్చును. 600 యూనిట్ల వెడల్పు గల గ్రిడ్‌లో మొదటి నిలువు వరుస ఆటో, రెండవది ఒక నక్షత్రము, మూడవది రెండు నక్షత్రములు అనుకొందము. ఇచట యూనిట్ అనగా అంగుళములో 96వ వంతు. మొదటి వరుసలోని మాట 120 యూనిట్లు పట్టినచో, మిగిలిన 480 యూనిట్లు 160, 320గా పంచబడును. 'పేరు' అనుటకు మారుగా 'తండ్రి లేక సంరక్షకుని పేరు' అని వ్రాసినచో ఆటో వరుస తానే వెడల్పగును, పంపకము తిరిగి జరుగును. స్థిరమైన కొలతలు గల ఇంగ్లీషు ఫారమును తెలుగు చేసినప్పుడు అక్షరములు అంచున తెగుట చూచినవారికి దీని విలువ తెలియును.

గడులను పేర్కొను తీరు మాత్రము అంత బాగుగా లేదు. లెక్క సున్నతో మొదలగును. పేరు 0వ వరుస, తరగతి 1, మార్కులు 2 అనుకొందము. పేరుకు తరగతికి నడుమ పుట్టిన తేదీ చేర్చవలసి వచ్చినచో, క్రిందివాటి సంఖ్యలన్నియు చేతితో మార్చవలెను. తరగతిలో పిల్లలను పేరుతో గాక బల్ల సంఖ్యతో పిలిచినట్లున్నది! ఒక సంఖ్య మార్చుట మరచినను యంత్రము తప్పు పట్టదు. రెండు పెట్టెలు ఒకే గడిలో పడి, వెనుక వ్రాసినది ముందుదానిని కప్పివేయును. సంఖ్య అసలే వేయనిచో వస్తువు 0వ వరుసకు చేరును. ఉన్న వరుసలను మించిన అంకె వేసినచో చివరి వరుసకు పోవును. వీటిలో దేనికిని హెచ్చరిక లేదు.

2025లో వచ్చిన డాట్‌నెట్ 10లో వరుసలన్నిటిని కామాలతో ఒకే పంక్తిలో ప్రకటించు వీలు కల్పించిరి. వ్రాత తగ్గినది, మంచిదే. కాని తగ్గినది వ్రేళ్ల శ్రమయే. 2017లో ప్రధాన బ్రౌజరులలోనికి వచ్చిన సి.ఎస్.ఎస్. గ్రిడ్‌లో గడుల ప్రాంతములకు పేర్లు పెట్టవచ్చును. నడుమ ఎన్ని వరుసలు చేర్చినను 'మార్కులు' అను ప్రాంతము మార్కులకే యుండును. జామెల్‌లో వరుసకు పేరు పెట్టుటకు వీలున్నను, ఆ పేరు చెప్పి వస్తువును అందులో నుంచుటకు వీలు లేదు. అది అడుగునది అంకెనే.