ఋతువులు, పసిపిల్లలు, అంతర్జాలము

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఋతువులను గురించి ఎట్లు బోధింపవలెను? ఆరు ఋతువుల పేర్లు వల్లె వేయించుట పాత పద్ధతి. దూరప్రాంతముల పాఠశాలలను అంతర్జాలము ద్వారా కలిపి, ఒక ఋతువును గురించి పిల్లలందరిచేత ఒకే పని చేయించుట క్రొత్త పద్ధతి. ఈ క్రొత్త పద్ధతిలోని మేలెంత, లోపమెంత అను విషయమును ఉపాధ్యాయులు విచారింపవలసియున్నది.

గత అక్టోబరులో ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్ళితిని. పిల్లలు ఎఱ్ఱని, పచ్చని కాగితములను మేపుల్ ఆకులవలె కత్తిరించి అట్టపై అంటించుచున్నారు. వాటి ఫోటోలను విదేశములోని ఒక పాఠశాలకు కంప్యూటరులో పంపుటకు సిద్ధము చేయుచున్నారు. “ఇది ఏ ఋతువు?” అని అడిగితిని. “ఆటమ్” అని అందరును ఒక్క గొంతుతో పలికిరి. బయట వాన పడుచున్నది. ఆవరణలోని కానుగ చెట్టు ఆకుపచ్చగా నిండుగా నున్నది. “మరి మన చెట్టు ఆకు ఎప్పుడు రాల్చును?” అని అడుగగా ఒక్కరును చెప్పలేకపోయిరి. ఆవరణ ఊడ్చు ఆయమ్మ మాత్రము, “శివరాత్రి వెళ్ళనీండి బాబూ, రోజుకు నాలుగు గంపలు ఎత్తుతాను” అన్నది. ఆనాడు అక్కడ ఋతువును నిజముగా ఎరిగినది ఆమె యొక్కతెయే.

అయినను, ఇంతమాత్రముచేత ఈ పద్ధతినే త్రోసివేయుట న్యాయము కాదు. దీనిని చక్కగా నడిపినచో ఎట్లుండునో తెలియుటకు అమెరికాలో 1990ల దశకమున ఆరంభమైన “జర్నీ నార్త్” అను పథకమును చూడవచ్చును. అందులోని తులిప్ తోటల పని మిక్కిలి సులభమైనది. శరత్కాలములో వేరువేరు ఊళ్ళ పిల్లలు ఒకే రకపు తులిప్ దుంపలను నాటుదురు. వసంతములో మొలక నేలపైకి వచ్చిన తేదీని, మొదటి పువ్వు విచ్చిన తేదీని వ్రాసి పంపుదురు. ఆ తేదీలను పటముపై గుర్తించినచో వసంతము దక్షిణమునుండి ఉత్తరమునకు ప్రయాణము చేయుట కంటికి కనిపించును.

ఇది ఆటవలె కనిపించినను నిజమైన విజ్ఞానమే. 1918లో ఆండ్రూ హాప్కిన్స్ అను అమెరికను కీటక శాస్త్రజ్ఞుడు ఒక సూత్రమును ప్రకటించెను. ఆ దేశములో ఉత్తరమునకు పోయినకొలది, ఒక్కొక్క అక్షాంశమునకు సుమారు 4 రోజుల చొప్పున వసంత చిహ్నములు ఆలస్యమగునని దాని సారాంశములో ఒక భాగము. ఏడేండ్ల పిల్లవాడు పంపిన తేదీ అట్టి సూత్రమును పరీక్షించుటకు పనికివచ్చును. మొక్క ఒకటే, నాటు విధానము ఒకటే. మారునది స్థలము మాత్రమే. పోలికకు విలువ వచ్చినది అందువలననే.

ఇందులో లోపములు లేకపోలేదు. ఎండ తగులు గోడ ప్రక్కన నాటిన దుంప ముందుగా మొలచును. అది గోడ మహిమయే కాని ఊరి వాతావరణము కాదు. శనివారము విచ్చిన పువ్వును సోమవారము చూచి ఆ తేదీయే వేసినచో 2 రోజుల తప్పు వచ్చును. హాప్కిన్స్ లెక్కన అది అర అక్షాంశము, అనగా ఇంచుమించు 55 కిలోమీటర్ల దూరమునకు సమానము. కావున చివరిసారి ఎప్పుడు చూచితిమి, అప్పుడు పువ్వు ఉన్నదా లేదా అనునది కూడ వ్రాయించుట అవసరము.

ఈ పథకమువారే నడిపిన మరియొక పనిలో అమెరికా, కెనడా పిల్లలు కాగితపు సీతాకోకచిలుకలను చేసి మెక్సికోకు పంపిరి. చలికాలమున మోనార్క్ సీతాకోకచిలుకలు చేరు అడవుల సమీప గ్రామముల పిల్లలు వాటిని భద్రపరచి, వసంతములో తిరిగి పంపిరి. దీనివలన దూరదేశపు పిల్లలపై స్నేహభావము కలుగును, అది మంచిదే. కాని కాగితపు సీతాకోకచిలుక గాలిని, చలిని ఎరుగదు. నిజమైన మోనార్కును చూచిన తేదీని, చోటును వ్రాసి పంపుటయే పరిశీలన. ఈ రెండు పనులను ఉపాధ్యాయుడు ఒకటిగా భావింపరాదు.

మన మైదానములలో తులిప్ తోటలు వేయ పూనుకొనుట వ్యర్థము. ఆ దుంపకు పూయుటకుముందు వారములకొలది గట్టి చలి కావలెను. అంతకంటె మనకు తగినది మన దేశములోనే 2010లో ఆరంభమైన “సీజన్‌వాచ్”. ఇందులో పిల్లలు ఒక చెట్టును ఎన్నుకొని వారమునకొకసారి దాని ఆకులను, పువ్వులను, కాయలను చూచి, “లేవు”, “కొన్ని”, “చాల” అని గుర్తింతురు. కేరళ పాఠశాలలు ఇందులో విశేషముగా పాల్గొన్నవి. చదువు పూర్తిగా రాని పిల్ల కూడ ఈ పని చేయగలదు. అయితే ఒకరికి “కొన్ని” అయినవి మరియొకరికి “చాల” కావచ్చును. కావున ఇద్దరు పిల్లలు విడివిడిగా చూచి, పిమ్మట పోల్చుకొనుట మేలు. మరియు “లేవు” అనునది కూడ విలువైన సమాచారమే. పువ్వు లేని వారము పిల్ల చిన్నబోయినదని, ఉన్నట్లు వ్రాయించు ఉపాధ్యాయుడు ఆమెకు అబద్ధమును నేర్పినవాడగును.

మన ఇండ్లలోనివారు “ఈ ఏడు ఉగాదికి ముందే వేప పూసినది” అందురు. ఈ మాటను పిల్లలచేత పరీక్షింపజేయవచ్చును. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న వచ్చినది. చెట్టు రెండేండ్లును ఒకే తేదీన పూసినను, ఒక ఏడు ఆలస్యమైనట్లు, మరియొక ఏడు తొందరపడినట్లు తోచును. చెట్టు చాంద్రమానమును అనుసరింపదు. పండుగ పేరుతోపాటు తేదీని కూడ వ్రాయవలెనని చిన్నపిల్లలకు తెలుపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

నేను చూచిన పాఠశాలలో దోషము కంప్యూటరుది కాదు, పని క్రమముది. ముందు చెట్టు, పిమ్మట నోటుపుస్తకము, కడపట అంతర్జాలము రావలెను. చిన్నపిల్లలు వ్రాసిన తేదీలను ఉన్నత పాఠశాల విద్యార్థులు గ్రాఫు కాగితముపై గుర్తింపవచ్చును. రెండు మూడేండ్ల లెక్కలు చేరినపిమ్మట దూరపు పాఠశాలకు పంపుటకు మనయొద్ద సొంత విషయము ఉండును. ఆ పాఠశాలవారు మేపుల్ ఆకును పంపినచో, వచ్చు శివరాత్రి తరువాత మనము మన కానుగ ఆకును పంపవచ్చును. దానితోపాటు అది రాలిన తేదీని కూడ పంపవలెను.