బెంచి, బెంచ్: సైబరాబాద్ వృత్తి పదజాలం – ఒక పరిశీలన

కీలక పదాలు: ఆదానపదాలు, తత్సమ తద్భవాలు, అర్థవిపరిణామం, వృత్తి పదకోశం, సైబరాబాద్.

1. ఉపోద్ఘాతం

ఇరవయ్యో శతాబ్ది చివరి పాతికేళ్ళలో ఆంగ్లభాషలో వెల్లువెత్తిన కొత్తమాటల్లో అధికభాగం కంప్యూటర్ రంగానికీ, దాని చుట్టూ అల్లుకున్న వ్యాపారానికీ చెందినవి. ఔట్‌సోర్సింగ్, ఇంటర్నెట్, ఈ-మెయిల్, వైటూకే వంటివి ఆంగ్లంలో స్థిరపడీ పడకముందే తెలుగునాట వాడుకలోకి వచ్చాయి. బస్సు, రైలు, కోర్టు వంటి పూర్వపు మాటలు దశాబ్దాలపాటు జనం నోట నలిగి తెలుగు రూపు తెచ్చుకున్నాయి. ఈ కొత్త మాటలకు అంత వ్యవధి చిక్కలేదు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి హైటెక్ సిటీని ప్రారంభించిన తరువాత ఒక తరం గడిచేలోగానే ఇవి పెళ్ళిచూపుల్లోనూ, ప్రభుత్వ ఉత్తర్వుల్లోనూ, బస్తీ వాడుకలోనూ చోటు చేసుకున్నాయి.

ఇటువంటి పదాలపై మన చర్చ సాధారణంగా రెండు దారుల్లో సాగుతుంది. భాష కలుషితమైపోతున్నదన్న ఆవేదన ఒకటి. వీటికి సమానార్థకాలు కల్పించాలన్న ఉద్యమం రెండవది. ఈ పదాలు తెలుగులోకి వచ్చాక ఏ పని చేస్తున్నాయి, ఎవరి నోట ఏ రూపం ధరిస్తున్నాయి, ఎవరి స్థితిని వెల్లడించి ఎవరి స్థితిని కప్పిపుచ్చుతున్నాయి అన్న ప్రశ్నలు మిగిలిపోతున్నాయి. బోరబండ నుంచి హైటెక్ సిటీ వరకు నిత్యవ్యవహారంలో వినబడే కొన్ని పదాల ఆధారంగా వాటిని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. ఎమ్‌ఎమ్‌టీఎస్ రైలుమార్గంలో ఈ రెండూ పక్కపక్క స్టేషన్లు. ఒకదాని పేరు చివర తెలుగు ‘బండ’ ఉంది. రెండోదాని పేరు ఆంగ్ల పొడి అక్షరాల కూర్పు. ఒక చోట కార్యాలయాలున్నాయి. రెండో చోట ఆ కార్యాలయాలను ఊడ్చి, కాపలా కాసి, వాటి ఉద్యోగులను ఇళ్ళకు చేర్చే శ్రామికులు పెద్దసంఖ్యలో నివసిస్తున్నారు. ఒకే పదజాలం ఈ రెండుచోట్లా ఒకే విధంగా ప్రవర్తించదు.

2. ‘సైబర్’ ప్రభువు

సైబరాబాద్ అన్న మాట నిర్మాణం గమనింపదగినది. నార్బర్ట్ వీనర్ 1948లో తన శాస్త్రానికి ‘సైబర్నెటిక్స్’ అని పేరు పెట్టినప్పుడు, పడవ చుక్కాని పట్టేవాడు అన్న అర్థమున్న గ్రీకు పదాన్ని ఆధారం చేసుకున్నాడు. 1982లో విలియం గిబ్సన్ ఒక కథలో ‘సైబర్‌స్పేస్’ అన్న మాటను వాడాడు. ఆ తరువాత ఆ పూర్వపదం అనేక ఆంగ్ల సమాసాలకు మొదలైంది. ఉత్తరపదమైన ‘ఆబాద్’ పారశీకం. జనావాసమైనది, సాగుబడిలో ఉన్నది అని దాని అర్థం.

ఈ గడ్డపై ‘ఆబాద్’కు ముందు నిలిచే పదం సాధారణంగా వ్యక్తి పేరో, బిరుదో. హైదరాబాద్, సికింద్రాబాద్, నిజామాబాద్, ఆదిలాబాద్ అన్నీ ఆ కోవకు చెందినవే. సైబరాబాద్‌లో ఆ స్థానాన్ని ఒక సాంకేతికత ఆక్రమించింది. ప్రభువు పేరు ఉండవలసిన చోట ‘సైబర్’ కూర్చున్నది. వ్యాకరణదృష్టితో ఇది పాత సమాసనిర్మాణమే. అర్థదృష్టితో కొత్త ఏలికను ప్రకటించే నామకరణం. ఇది కేవలం పత్రికల ముద్దుపేరుగా ఉండిపోక, పోలీసు కమిషనరేటు పేరై పాలనావ్యవహారంలో స్థిరపడింది. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, రాయదుర్గం వంటి పేర్లలో ఊరు, బావి, కొండ, కోట కనబడతాయి. సైబరాబాద్ అన్న పేరులో నేల ఆనవాలు లేదు.

‘ఈ’ అన్న ఉపసర్గ కథ ఇంతకంటె ఆసక్తికరం. ఎలక్ట్రానిక్ అన్న మాటకు పొడి అక్షరంగా ఆంగ్లంలో వ్యాపించిన ఇది, 2001లో హైదరాబాదులో మొదలైన ‘ఈ-సేవ’ కేంద్రాల ద్వారా సామాన్యుల నోటికెక్కింది. తెలుగువాని చెవికి ‘ఈ’ సమీపాన్ని సూచించే దేశ్య విశేషణం కనుక, ‘ఈ-సేవ’ కరెంటు బిల్లు కట్టవచ్చినవారికి ‘ఈ సేవ’గానే వినబడింది. 2011లో ‘మీ సేవ’ వచ్చేసరికి ఆంగ్లోపసర్గ అదృశ్యమై, దాని స్థానంలో మధ్యమపురుష సర్వనామం నిలిచింది. ఒక్క హల్లు చేరడంతో యంత్రవాచకం మర్యాదవాచకమైంది. పరభాషాపదాన్ని బహిష్కరించకుండా, అనువదించకుండా, ధ్వనిసామ్యం ఆధారంగా తెలుగు చేసుకున్న తీరుకు ఇది చక్కని ఉదాహరణ.

3. అజంతత: పాత కొలబద్ద, కొత్త విభజన

తెలుగు అజంతభాష. పూర్వపు ఆంగ్లపదాలు ఈ నియమానికి తలవంచాయి: బస్సు, కారు, ఆఫీసు, పోలీసు, కోర్టు, బెంచి. శతాబ్ది చివర వచ్చిన పదాలు చాలావరకు హలంతాలుగానే నిలిచాయి: సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్, ఆన్‌సైట్, ఔట్‌సోర్సింగ్. ఆంగ్లమాధ్యమ విద్య విస్తరించడం, ఈ పదాలు నోటితోపాటు కాగితం ద్వారానూ, తెర ద్వారానూ రావడం ఇందుకు ప్రధాన కారణాలు.

దీన్నిబట్టి కొత్తపదాలు తెలుగులో ఇమడలేదని తీర్మానించడం తొందరపాటవుతుంది. ఒకే మూలపదం రెండు రూపాల్లో, రెండు అర్థాల్లో నిలిచిన సందర్భాన్ని చూద్దాం. బడిలో కూర్చునే బల్ల ‘బెంచి’. సాఫ్ట్‌వేర్ సంస్థలో ప్రాజెక్టు లేక ఖాళీగా ఉన్న స్థితి ‘బెంచ్’. ‘బెంచి మీద ఉన్నాడు’ అంటే కూర్చున్నాడనో, నిలబెట్టారనో అర్థం. ‘బెంచ్ మీద ఉన్నాడు’ అంటే ఉద్యోగం ప్రమాదంలో పడిందని అర్థం. చివరి అచ్చు ఉండడమో లేకపోవడమో ఇక్కడ అర్థభేదకమైంది.

ఇటువంటి జంటలు మన వ్యాకరణానికి కొత్త కావు. కార్యం, కర్జం, ఆశ్చర్యం, అచ్చెరువు అన్న జంటలను తత్సమ తద్భవాలుగా వివరించే సంప్రదాయం మనకుంది. చిన్నయసూరి సంస్కృత ప్రాకృతాల విషయంలో స్థిరపరచిన ఆ పరిభాషను ఆంగ్లానికి విస్తరిస్తే ‘బెంచి’ ఆంగ్ల తద్భవం, ‘బెంచ్’ ఆంగ్ల తత్సమం అవుతాయి. పరభాషాపదాలన్నిటినీ ‘అన్యదేశ్యం’ అన్న ఒకే గంపకెత్తడం కంటె ఈ విభజన ఎక్కువ ప్రయోజనకరం. ఎందుకంటే తత్సమానికి ఉండే గౌరవం, తద్భవానికి అంటగట్టే నాటుదనం కూడా సంస్కృతం విషయంలో జరిగినట్లే ఇక్కడా జరుగుతున్నాయి. ‘సాఫ్ట్‌వేర్’ అన్నవాడు చదువుకున్నవాడుగానూ, ‘సాఫ్ట్‌వేరు’ అన్నవాడు చదువులేనివాడుగానూ లెక్కకు వస్తున్నారు. తెలుగు ధ్వనిధర్మాన్ని పాటించిన నోరే తప్పు పలికిన నోరుగా ముద్రపడుతున్నది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఆ చివరి ఉకారం వెల ఎంతో ఈ ప్రాంతపు యువతకు తెలియనిది కాదు.

‘కన్యాశుల్కం’లో గిరీశం నోట ఆంగ్లం ప్రదర్శనవస్తువు. ఆ భాష అతనికి జీతం తెచ్చిపెట్టదు. ఎదుటివారిని బుట్టలో వేసే సాధనం మాత్రమే. సైబరాబాద్‌లో ఆంగ్లం జీతానికి పునాది. కనుకనే దాని ఉచ్చారణ హాస్యవిషయం దాటి జీవనసమస్య అయింది.

4. మనిషి శాఖగా మారడం

ధ్వనిలో లొంగని పదాలు వాక్యనిర్మాణంలో మాత్రం పూర్తిగా లొంగాయి. తెలుగు నామవాక్యానికి క్రియ అక్కరలేదు. ‘మా అల్లుడు డాక్టరు’ అన్న నమూనాలోనే ‘మా అల్లుడు సాఫ్ట్‌వేర్’ అన్న వాక్యం పుట్టింది. ఆంగ్లంలో సాఫ్ట్‌వేర్ అన్నది యంత్రాన్ని నడిపే ఆదేశసముదాయానికి పేరు. మనిషికి పేరు కాదు. తెలుగులో అది మనిషికి పర్యాయమైంది. పెళ్ళిసంబంధాల భాషలో ఆ ఒక్కమాట జీతాన్నీ, నగరాన్నీ, విదేశీయానపు ఆశనూ కలిపి చెబుతుంది.

ఇదే ప్రక్రియ బోరబండ వైపున మరోవిధంగా జరిగింది. ‘సెక్యూరిటీ’ ఆంగ్లంలో భద్రత అన్న భావవాచకం. ఇక్కడ ‘సెక్యూరిటీ వచ్చాడు’, ‘సెక్యూరిటీ అన్నను అడుగు’ అన్నవి సహజప్రయోగాలు. భావవాచకం మహద్వాచకమై, క్రియతో అన్వయం పొంది, వరుసపదాన్ని కూడా చేర్చుకుంది. ‘హౌస్‌కీపింగ్’ సైతం ఇంతే: ‘ఆమె హౌస్‌కీపింగ్’. వ్యాకరణపరంగా సాఫ్ట్‌వేర్ అల్లుడికీ, సెక్యూరిటీ అన్నకూ, హౌస్‌కీపింగ్ ఆమెకూ తేడా లేదు. ముగ్గురూ తాము పనిచేసే శాఖ పేరుగా మారినవారే.

తేడా సామాజికార్థంలో ఉంది. మొదటిపదం వ్యక్తి స్థాయిని చాటుతుంది. చివరిపదం పని స్వభావాన్ని కప్పుతుంది. ఊడ్చే పనికి మన భాషలో ఉన్న పాతమాటలు చాలావరకు కులాన్ని అంటిపెట్టుకున్నవి. ‘హౌస్‌కీపింగ్’ అన్న పదానికి ఆ చరిత్ర లేదు. కనుక దాన్ని ఎంచుకోవడం వ్యామోహం కాదు; అవమానం నుంచి తప్పుకునే మార్గం. అచ్చతెలుగు పదాన్నే వాడమని చెప్పేముందు, ఆ పదం ఎవరిని ఏమని పిలిచిందో విమర్శకుడు ఆలోచించవలసి ఉంటుంది. అయితే పేరు మారినంత వేగంగా వేతనం మారదన్నది కూడా అంతే నిజం. పదం గౌరవాన్ని ఇచ్చినట్లు కనబడుతూ, అసమానతను ప్రశ్నించే అవసరాన్ని మరపించవచ్చు. ఈ ద్వంద్వస్వభావాన్ని గుర్తించనిదే ఈ పదంపై తీర్పు చెప్పలేము.

5. ‘ఔట్‌సోర్సింగ్’: మూడు నేలలు, మూడు అర్థాలు

సంస్థ తన పనిని బయటివారికి అప్పగించడం అన్న అర్థంలో 1970ల చివర, 1980ల తొలినాళ్ళలో ఆంగ్లంలో ప్రచారంలోకి వచ్చిన మాట ఇది. అమెరికాలో సామాన్యోద్యోగికి దీని అర్థం పని పోవడం. అక్కడి వాడుకలో ‘బెంగుళూర్డ్’ అన్న క్రియ కూడా పుట్టింది. ఉద్యోగం భారతదేశానికి తరలిపోగా వీధినపడ్డాడని దాని భావం. అదే పని చేరుకున్న మాదాపూర్‌లో ఔట్‌సోర్సింగ్ అంటే పని దొరకడం. మూడవ అర్థం మన ప్రభుత్వకార్యాలయాల్లో పుట్టింది. అక్కడ ‘ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి’ అంటే ఏజెన్సీ ద్వారా వచ్చి, పర్మనెంటు ఉద్యోగి పక్కనే కూర్చుని పనిచేస్తూ, ఆ భద్రత గానీ ఆ జీతం గానీ లేనివాడు. పని ఎక్కడికీ బయటికి పోలేదు, మనిషే బయటివాడయ్యాడు.

ఈ మూడవ అర్థం ఎంత బలపడిందంటే, 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇటువంటి ఉద్యోగుల కోసం ‘ఆప్కాస్’ అన్న కార్పొరేషన్‌ను ప్రారంభించినప్పుడు దాని పూర్తిపేరులోనే ఈ మాట చేరింది. దళారీలను తొలగించడం ఆ సంస్థ ప్రకటిత లక్ష్యం. ప్రభుత్వమే నియమించి, ప్రభుత్వసంస్థే జీతమిచ్చే వ్యక్తిని ‘బయటి మూలం’ అనడం మాటకూ వస్తువుకూ మధ్య ఏర్పడిన దూరాన్ని తెలుపుతుంది.

పత్రికలు దీనికి ‘పొరుగు సేవలు’ అన్న పదబంధాన్ని ప్రచారం చేశాయి. నిర్మాణం నిర్దుష్టం, ఉచ్చారణ సుఖం. కాని తెలుగులో పొరుగు అన్న మాటకు ఇరుగుతో జతకట్టిన ఆత్మీయత ఉంది. పొరుగువాడు అవసరానికి ఆదుకునేవాడు. ఏజెన్సీ కమీషనూ, ఏడాదికోసారి పునరుద్ధరణ భయమూ ఆ మాటలో ధ్వనించవు. ఈ పదబంధం అర్థాన్ని అనువదించింది గాని అనుభవాన్ని అనువదించలేకపోయింది. అందువల్లనే ఉద్యోగులు తమ డిమాండ్లు చెప్పుకునేటప్పుడు ‘ఔట్‌సోర్సింగ్’ అనే అంటున్నారు. నొప్పిని మోసిన మాటను వారు వదులుకోలేదు.

6. బెంచ్, ఆన్‌సైట్: దూరపు చట్టం, దగ్గరి మాట

‘ఆన్‌సైట్’ అంటే ఆంగ్లంలో పని జరిగే చోట అని మాత్రమే. సైబరాబాద్ తెలుగులో ‘ఆన్‌సైట్ వెళ్ళాడు’ అంటే విదేశం వెళ్ళాడని అర్థం. పని జరిగే అసలుచోటు అక్కడే, ఇక్కడిది దాని నీడ అన్న భావన ఈ అర్థసంకోచంలో ఇమిడి ఉంది. జియాంగ్ బియావో 2007లో వెలువరించిన ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ గ్రంథం తెలుగు సాఫ్ట్‌వేర్ శ్రామికులను కేంద్రంగా చేసుకుని, వారిని దేశాంతరాలకు సరఫరా చేసే ఏజెంట్ల వ్యవస్థను వివరించింది. కట్నానికీ ఈ వ్యవస్థకూ ఉన్న లంకెను కూడా అది చర్చించింది. 1990 నాటి అమెరికా వలసచట్టంతో వచ్చిన హెచ్-1బి వీసా ఈ ప్రయాణానికి ద్వారం. అలా వెళ్ళినవారిని వేతనం లేకుండా బెంచ్ మీద ఉంచడాన్ని అమెరికా 1998లో చట్టం ద్వారా నిషేధించవలసి వచ్చింది. ఒక చిన్న నామవాచకం వెనుక రెండు దేశాల చట్టం, ఒక కుటుంబపు అప్పు, ఒక పెళ్ళి ఉన్నాయి. నిఘంటువులో ‘బల్ల’ అని రాస్తే ఈ చరిత్రకు చోటుండదు.

7. ముగింపు

ఈ పదాలు క్షణికమైనవనీ, నిఘంటుకారులు వీటికోసం శ్రమపడనక్కరలేదనీ ఒక అభిప్రాయం ఉండవచ్చు. వైటూకే విషయంలో అది కొంత నిజమే. 2000 సంవత్సరం దాటగానే దాని అవసరం తీరింది. కాని ఔట్‌సోర్సింగ్ పరిపాలనలోకీ, సెక్యూరిటీ వరుసపిలుపులోకీ, సాఫ్ట్‌వేర్ నామవాక్యంలోకీ ప్రవేశించాయి. వాక్యంలో స్థానం సంపాదించిన పదాన్ని అతిథి అనలేము. అంతరించినా వైటూకేను నమోదు చేయవలసిందే. ఒక తరం వలసకు అది తలుపు తీసింది.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో 1962లో వెలువడిన వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం, తరువాత 1971లో వచ్చిన చేనేత సంపుటం మనకు మార్గదర్శకాలు. నాగలి భాగాలనూ, మగ్గం భాగాలనూ ఆ పని చేసేవారి నోటినుంచే సేకరించిన ఆ పద్ధతి ఈ కొత్త వృత్తులకు కూడా వర్తిస్తుంది. సైబరాబాద్ వృత్తి పదకోశానికి పూనుకునేవారు ప్రతి పదానికీ తత్సమరూపాన్నీ తద్భవరూపాన్నీ, ఎవరి నోట ఏ రూపం వినబడుతుందో ఆ వివరాన్నీ, ఆంగ్లార్థం నుంచి తెలుగు అర్థం ఎంత దూరం జరిగిందో ఆ మార్గాన్నీ నమోదు చేయాలి. ఆ సేకరణ కార్యాలయాల అద్దాల గోడల మధ్యనే ముగిసిపోకూడదు. క్యాబ్ నడిపేవారు, హాస్టల్లో వండేవారు, రాత్రి గేటు దగ్గర నిలబడేవారు కూడా ఈ పదజాలానికి కర్తలు. ‘సాఫ్ట్‌వేరు’ అని అచ్చుతో ముగించే నోటిని తప్పుగా కాక తెలుగు తద్భవానికి సాక్ష్యంగా నిఘంటువు స్వీకరించిననాడు, మన భాషాచరిత్రలోని ఈ పాతికేళ్ళ అధ్యాయం సరైన ఆధారాలతో మొదలవుతుంది.