మట్టి తలల సంవాదం: యాన్ ష్వాంక్‌మాయెర్ లఘుచిత్రంలో వ్యంగ్యార్థ పరిశీలన

ఉపోద్ఘాతం

చెక్ దర్శకుడు యాన్ ష్వాంక్‌మాయెర్ 1982లో రూపొందించిన ‘మోజ్‌నోస్తి డియలోగు’ సుమారు 12 నిమిషాల నిడివిగల యానిమేషన్ లఘుచిత్రం. ఆంగ్ల ప్రపంచంలో ఇది ‘సంభాషణ పరిమాణాలు’ అనే అర్థమిచ్చే పేరుతో ప్రచారం పొందింది. చెక్ మూలంలోని మొదటి పదానికి మాత్రం ‘అవకాశాలు’, ‘సాధ్యతలు’ అని అర్థం. సంభాషణను శీర్షికగా ధరించిన ఈ చిత్రంలో ఒక్క మాటైనా వినిపించదు. యాన్ క్లుసాక్ సమకూర్చిన సంగీతం, వస్తువుల చప్పుళ్లు మాత్రమే ఉంటాయి. తలలు తలలను మింగుతాయి, దేహాలు కరిగి కలిసిపోతాయి, నోళ్లలోనుంచి బూట్లు, రొట్టెలు బయటికి వస్తాయి. తొలిసారి చూసిన ప్రేక్షకునికి దీని అర్థమేమిటన్న ప్రశ్న తప్పదు.

ఆ ప్రశ్నకు రాజకీయ ప్రతీకగా చెప్పుకొనే సమాధానం ఒకటి స్థిరపడింది. ఆ సమాధానం అసత్యం కాదు గానీ అసంపూర్ణం. చిత్రార్థం ఒక ప్రభుత్వంపై విమర్శతో ముగిసేదే అయితే, ఆ ప్రభుత్వంతోపాటే 1989లో చిత్రానికీ కాలం చెల్లి ఉండాలి. అలా జరగలేదు. దృశ్యంలోని వాచ్యార్థాన్ని, అంటే మట్టిని, వస్తువులను, వాటి వరుసను నిశితంగా పరిశీలించి, అక్కడినుంచి వ్యంగ్యార్థాన్ని నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

చారిత్రక నేపథ్యం

ష్వాంక్‌మాయెర్ 1934లో ప్రాగ్ నగరంలో జన్మించాడు. తోలుబొమ్మలాటకు దగ్గరి బంధువైన పాశ్చాత్య బొమ్మల నాటకకళను అభ్యసించాడు. 1970లో చెక్ అధివాస్తవికుల బృందంలో చేరాడు. అప్పటికి రెండేళ్ల ముందు, 1968 ఆగస్టులో, వార్సా ఒప్పంద దేశాల సైన్యాలు చెకొస్లొవాకియాలో ప్రవేశించి అక్కడి సంస్కరణలను అణచివేశాయి. ఆ తరువాతి దశకు పాలకులు పెట్టిన పేరు ‘సాధారణీకరణ’. అసాధారణమైనవాటన్నిటినీ అణచి సమానం చేయడమే ఆ పేరులోని ఆంతర్యం. 1970వ దశకంలో కొన్నేళ్లపాటు ష్వాంక్‌మాయెర్‌కు చిత్రాలు తీసే వీలు లేకపోయింది. ఆ విరామంలో అతడు స్పర్శానుభవంపై ప్రయోగాలు చేశాడు. చూపుకంటే చేతికి ఎక్కువగా అందే కళను అన్వేషించిన ఆ సాధన ఈ చిత్రంలోని మట్టిలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ చిత్రానికి 1983లో బెర్లిన్ చలనచిత్రోత్సవంలో లఘుచిత్ర విభాగపు స్వర్ణ భల్లూకం, ఆన్సీ యానిమేషన్ ఉత్సవంలో అత్యున్నత పురస్కారం లభించాయి. స్వదేశంలో మాత్రం దీనిని కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కమిటీకి చెందిన సైద్ధాంతిక సంఘానికి, చిత్రం ఎలా ఉండకూడదో చెప్పే ఉదాహరణగా ప్రదర్శించారని ప్రసిద్ధి. ఈ నేపథ్యంవల్లనే రాజకీయ వ్యాఖ్యానానికి బలం చేకూరింది.

పరిశీలన పద్ధతి

‘దాగిన అర్థం’ అనే మాటలో ఒక ప్రమాదం ఉంది. అర్థం పెట్టెలో దాచిన వస్తువని, అది దొరికిన తరువాత పెట్టెతో పని లేదని ఆ మాట స్ఫురింపజేస్తుంది. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చెప్పినది ఇందుకు భిన్నం. వెలుగు కావలసినవాడు దీపశిఖపట్ల శ్రద్ధ వహించినట్లే, వ్యంగ్యార్థాన్ని కోరేవాడు వాచ్యార్థంపట్ల ఆదరం చూపవలసి ఉంటుందని ఆయన ఉపమానం. ఈ చిత్రంలో వాచ్యార్థమంటే తెరపై జరిగే క్రియ. ‘ఈ తల ఫలానా వర్గానికి ప్రతీక’ అని తొందరపడి తీర్మానించేవారు దీపాన్ని ఆర్పి వెలుగును వెతుకుతున్నారనవలసి వస్తుంది.

ప్రథమ భాగం: భేద వినాశం

చిత్రం మూడు భాగాలు. మొదటి దానిలో మూడు రకాల తలలున్నాయి. ఒకటి కూరగాయలు, పండ్లు మొదలైన ఆహారపదార్థాలతో, ఒకటి వంటింటి లోహపు సామగ్రితో, మరొకటి పుస్తకాలు, కాగితాలు, రాతపరికరాలతో రూపొందాయి. ఇవి ఒకదానికొకటి ఎదురుపడతాయి. ఒకటి మరొకదాన్ని మింగుతుంది. లోపల కత్తులు కూరగాయలను తరుగుతాయి, వస్తువులు వస్తువులను నలగ్గొడతాయి. మింగిన తల తిరిగి కక్కుతుంది. కక్కినదానితో మళ్లీ తల ఏర్పడుతుంది గాని, దాని ముక్కలు మునుపటికంటే చిన్నవి. ప్రతి ఆవృత్తిలోను పదార్థం మరింత మెత్తబడుతుంది. చివరకు నునుపైన మట్టితో చేసిన మనిషి తల మిగులుతుంది. అది తనవంటి తలనే కక్కుతుంది, ఆ తల మరొకదాన్ని కక్కుతుంది.

వస్తువులతో తలను నిర్మించే పద్ధతి ఇటాలియన్ చిత్రకారుడు ఆర్చింబోల్డో నుంచి వచ్చింది. అతడు 16వ శతాబ్దంలో హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల ఆస్థానంలో పనిచేశాడు. రెండవ రుడాల్ఫ్ చక్రవర్తిని పండ్లు, కూరలు, పూలతో కూర్చిన వెర్టుమ్నుస్ దేవతగా చిత్రించాడు. ఆ చిత్రంలో అన్ని ఋతువుల ఫలాలు ఒకే ముఖంలో తమ తమ రూపాలను కోల్పోకుండా ఇమిడి ఉంటాయి. గుమ్మడికాయ గుమ్మడికాయగానే ఉండి వక్షఃస్థలమవుతుంది. వైవిధ్యం చెడకుండా ఏకత్వం సాధ్యమేనన్నది అక్కడి భావన. రుడాల్ఫ్ పాలించిన ప్రాగ్ నగరానికే చెందిన ష్వాంక్‌మాయెర్ దానిని తలకిందులు చేశాడు. ఇక్కడ ఏకత్వం సిద్ధించేసరికి వస్తువులు లేవు. మనిషి తలకు అత్యంత సన్నిహితమైన రూపం ఏర్పడినప్పుడే ఆ తలలో విశేషమేదీ మిగలలేదు. ‘సాధారణీకరణ’పై ఇంతకుమించిన వ్యాఖ్య లేదన్న మాట నిజమే. అయితే ఇక్కడ ఏ పాలకుడూ కనిపించడు. మూడు తలలూ బాధితులే, మూడూ మింగేవే. వినాశానికి కారణం పైనుంచి వచ్చిన ఆజ్ఞ అని చెప్పడానికి తెరపై ఆధారం లేదు. ఎదుటివానిని తనలో కలుపుకోవాలన్న ఆకలి మాత్రమే కనిపిస్తుంది.

ద్వితీయ భాగం: మిగిలిన మట్టి

రెండవ భాగంలో మట్టితో చేసిన స్త్రీపురుషులు బల్లకు ఎదురెదురుగా కూర్చుంటారు. ముద్దు పెట్టుకుంటారు. దేహాల హద్దులు చెరిగి ఒకే ముద్దగా ఎగసిపడతాయి. తిరిగి విడివడి ఎవరి స్థానంలో వారు కూర్చుంటారు. కాని బల్లమీద చిన్న మట్టిముద్ద ఒకటి మిగిలిపోతుంది. అది ఒకరి దగ్గరికి చేరబోతుంది. వారు నెట్టివేస్తారు. రెండవవారూ అదే చేస్తారు. నెట్టడం విసరడంగా, విసరడం కొట్లాటగా మారి, ఇద్దరూ ఒకరినొకరు చీల్చుకొని రూపంలేని గుజ్జవుతారు.

ఆ ముద్ద వారి బిడ్డ అన్న వ్యాఖ్య సుప్రసిద్ధం, సమంజసం. కాని ఆ పేరు పెట్టగానే విషయం కుటుంబగాథకు పరిమితమవుతుంది. వాచ్యంగా చూస్తే అది కలయికలో ఇద్దరిదీ అయి, విడిపోయాక ఎవరిదీ కాకుండాపోయిన శేషం. ఏ గాఢమైన సంవాదమైనా ఇటువంటి శేషాన్ని మిగులుస్తుంది. దాని బాధ్యత వహించడానికి ఇద్దరిలో ఎవరూ ముందుకు రాకపోవడమే ఇక్కడి కలహానికి బీజం. గమనింపదగిన మరొక అంశం: ప్రేమలో కరగడం, ద్వేషంలో చీల్చుకోవడం రెండూ ఒకే మట్టితో, దాదాపు ఒకే కదలికలతో చూపబడ్డాయి. శృంగారం బీభత్సంగా మారే క్షణమేదో ప్రేక్షకుడు వేలుపెట్టి చూపలేడు.

తృతీయ భాగం: సరైన సమాధానాల అలసట

మూడవ భాగానికి పెట్టిన చెక్ విశేషణానికి ‘సమగ్రమైన’ అని, ‘అలసట కలిగించే’ అని రెండర్థాలున్నాయి. ఈ శ్లేష భాగమంతటికీ తాళంచెవి. బల్లపై రెండు వృద్ధుల మట్టి తలలుంటాయి. ఒకదాని నోటినుంచి టూత్‌బ్రష్ వస్తే, రెండవది దానిపై పేస్టు వేస్తుంది. రొట్టెకు వెన్న, బూటుకు లేసు, పెన్సిలుకు చెక్కుడుమర జవాబుగా వస్తాయి. మొదటి ఆవృత్తిలో ప్రతి జతా కుదురుతుంది. తరువాత అవే వస్తువులు వరుస తప్పుతాయి. రొట్టెకు పేస్టు, బూటుకు వెన్న వంటి పొంతనలేని జతలు పుడతాయి. వస్తువులు పాడవుతాయి, తలలు బీటలువారి, నాలుకలు వేలాడేసి రొప్పుతూ మిగులుతాయి.

సంభాషణ అసాధ్యమన్న నిరాశావాదమే ఈ చిత్రం చెప్పేదని కొందరు భావించవచ్చు. మొదటి ఆవృత్తి ఆ భావనకు అడ్డు నిలుస్తుంది. చిత్రం మొత్తంమీద సంవాదం ఫలించిన ఘట్టం అదొక్కటే. మరి విఫలమైనదెక్కడ? రెండు తలల వద్దా ఉన్నవి అవే నాలుగు వస్తువుల జతలు. వాటిలో ఏ వస్తువూ తప్పు కాదు. ఎదుటివాడు ఇప్పుడు ఏది అందించాడో చూడకుండా, తన వంతు వచ్చిందని తన వద్దనున్నది బయటపెట్టడమే తప్పు. ఈ తలలలో పనిచేసేది నోరొక్కటే. ఇక్కడ వైరం లేదు, ఆకలి లేదు. అలవాటుగా ఇచ్చే జవాబు మాత్రమే ఉంది.

మూడు భాగాల అన్వయం

మూడు భాగాలూ ఎందుకు ఈ వరుసలో ఉన్నాయన్న ప్రశ్నకు సమాధానం మట్టిలో లభిస్తుంది. మొదటి భాగం చివర భేదాలన్నీ నశించి మట్టి తల ఏర్పడింది. రెండు, మూడు భాగాల్లోని పాత్రలన్నీ ఆ మట్టితో చేసినవే. అందరూ ఒకే పదార్థమైతే అపార్థాలు తొలగుతాయన్నది సమానీకరణను సమర్థించే ప్రతి సిద్ధాంతపు వాగ్దానం. ఆ వాగ్దానం నెరవేరిన లోకంలో ఏం జరుగుతుందో తరువాతి రెండు భాగాలు చూపుతాయి. ఒకే మట్టి ప్రేమికులు శేషాన్ని భరించలేకపోయారు, ఒకే మట్టి వృద్ధులు బూటుకు వెన్న పూశారు. మూడు భాగాలను విడివిడి ప్రతీకలుగా చూసే వ్యాఖ్యానానికి ఈ కార్యకారణ సంబంధం అందదు.

న్యాయశాస్త్రం కథను వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా విభజించింది. తత్త్వనిర్ణయం కోసం సాగేది వాదం, గెలుపుకోసం సాగేది జల్పం, స్వపక్షాన్ని స్థాపించకుండా పరపక్షాన్ని ఖండించేది వితండ. చిత్రభాగాలను ఈ మూడింటితో జతపరచడం కృతకమవుతుంది. కాని వాదలక్షణంలోని ఒక అంశం ఇక్కడ ఉపకరిస్తుంది. వాదానికి పక్షప్రతిపక్ష పరిగ్రహం, అంటే ఇరువురూ తమ తమ పక్షాలను నిలుపుకోవడం, అవసరమైన అంగం. భేదం సంవాదానికి ఆటంకం కాదని, ఆధారమని దీనివల్ల తేలుతుంది. మొదటి భాగంలో తలలు కోల్పోయింది ఈ ఆధారాన్నే. మింగిన తల గెలిచిందనడానికీ వీలులేదు. దాని పక్షం కూడా అదే నూర్పిడిలో పిండి అయింది.

ముగింపు

చిత్రం పేరులోని ‘సాధ్యతలు’ అన్న బహువచనాన్ని ఈ వెలుగులో తిరిగి చూడవలసి ఉంది. ష్వాంక్‌మాయెర్ చూపినవి సంవాదం చెడిపోయే మూడు విధాలు: ఎదుటివానిని తనలా మార్చుకోవడం, కలయిక మిగిల్చినదాని బాధ్యతను నిరాకరించడం, వినకుండా జవాబివ్వడం. చెడే తీరును ఇంత నిర్దిష్టంగా చూపడంలోనే కుదిరే తీరు వ్యంజితమవుతుంది. ఎదుటివాని భిన్నత్వాన్ని నిలవనివ్వడం, ఉమ్మడి శేషాన్ని స్వీకరించడం, అతడు ఇచ్చినదేమిటో ప్రతిసారీ కొత్తగా చూడటం అందుకు కావలసినవి. 1980వ దశకపు ప్రాగ్ పాలకులు ఈ చిత్రంలో తమపై విమర్శను మాత్రమే చూశారు. నేటి వ్యాఖ్యాత కూడా అంతవరకే చూస్తే, తనకు నచ్చని మరొకరి గురించి తీసిన చిత్రంగా దీనిని భద్రపరచినవాడవుతాడు. అధికారపు ఊసే లేకుండా, ఒక బల్లకు ఇటూ అటూ కూర్చున్న ఇద్దరితో చిత్రంలోని అధికభాగాన్ని నడిపించిన దర్శకుడు, ఆ వెసులుబాటును ప్రేక్షకునికి ఇవ్వలేదు.