ఓపీలో విద్యార్థికీ ఒక కుర్చీ

ప్రభుత్వాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీ రద్దీ గురించి తెలుగువారికి వేరే చెప్పక్కర్లేదు. చీటీలు పట్టుకున్న జనం వరండా దాకా ఉంటారు. ప్రొఫెసర్ కుర్చీ వెనక తెల్లకోట్లతో ఏడెనిమిది మంది ఎంబీబీఎస్ విద్యార్థులు నిలబడతారు. రోగి మాట వినపడేది ముందున్న ఇద్దరికే.

నిజానికి వైద్యం నేర్చుకోవడానికి ఇంతకు మించిన చోటు లేదు. వార్డులో మంచం మీదున్న మనిషి జబ్బు పేరు అప్పటికే కేస్‌షీట్‌లో రాసి ఉంటుంది. ఓపీలో ఆ జబ్బేమిటో అప్పటికప్పుడు తేల్చుకోవాలి.

"కళ్లు తిరుగుతున్నాయి బాబూ" అంటూ ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంటుంది. కంగారుపడ్డ విద్యార్థికి వెంటనే స్కాన్ గుర్తొస్తుంది. పక్కన మంచి పీజీ ఉంటే ఆపి, ముందు అడగమంటారు. "ఎప్పుడు తిరుగుతాయమ్మా? పక్క మీద ఒత్తిగిలినప్పుడా, లేచి నిలబడగానేనా?" నిలబడగానే అంటే, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూడాలి. పై అంకె 20 పడిపోయిందంటే దారి దొరికినట్టే. తర్వాత ఆమె సంచిలోని మాత్రలన్నీ బల్ల మీద పెట్టించాలి. ఒకే బీపీ మందు రెండు కంపెనీల పేర్లతో ఉండొచ్చు, ఆమె రెండూ మింగుతూ ఉండొచ్చు. ఆ సంగతి ఏ స్కాన్‌లోనూ కనపడదు.

1975లో హాంప్టన్ అనే వైద్యుడి బృందం 80 మంది కొత్త ఓపీ రోగుల వివరాలను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది. రెఫరల్ లెటర్ చదివి, రోగి చెప్పింది విన్నాక డాక్టర్ వేసిన అంచనా 66 మందిలో చివరి నిర్ధారణతో సరిపోయింది. ఒళ్లు పరీక్షించడం ఏడుగురికి, ల్యాబ్ పరీక్షలు మరో ఏడుగురికి అక్కరకొచ్చాయి. స్కాన్లు ఇంత పెరిగిన ఈ రోజుల్లోనూ విద్యార్థుల చేత చదివించాల్సిన వ్యాసం అది.

2019లో వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడే తీరు కూడా పాఠమే. పాఠం క్లాసులో చెప్పొచ్చు, అలవాటు మాత్రం ఓపీలోనే పడాలి. అందుకు కావలసింది ఒక కుర్చీ, ఒక్కో విద్యార్థికి ఒక్క రోగి, తర్వాత విద్యార్థి చెప్పింది వినే ప్రొఫెసర్. రద్దీలో ఇది కష్టమే. అయినా రోజుకు ఒక్క రోగితోనైనా మొదలుపెట్టాలి.

ఓపీకి వెళ్లేవారికీ ఒక మనవి. వాడే మందులన్నీ వెంట తీసుకెళ్లండి. విద్యార్థి వచ్చి మొదటినుంచీ అడిగితే విసుక్కోకుండా అన్నీ చెప్పండి.