ఎరువు, అద్దె, యాప్: డిజైనర్ దుస్తుల అద్దె సేవల్లో వినియోగదారు అనుభవం

ఇచ్చిపుచ్చుకోవడానికి తెలుగులో ఉన్న మాటలు పర్యాయపదాలు కావు. తీసుకున్న వస్తువునే తిరిగి ఇవ్వవలసినది ఎరువు. దానికి సమానమైనది ఇస్తే చాలు అనుకునేది బదులు. వాడుకకు వెలకట్టి గడువు పెట్టేది అద్దె. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెతలో సొమ్మంటే నగ. తీసేటప్పుడు తీపు, ఒకటి పోతే అప్పు అని దాని పాఠాంతరాలు కొనసాగుతాయి. డిజైనర్ దుస్తులను అద్దెకిచ్చే మొబైల్ యాప్‌లను అంచనా కట్టడానికి ఇంతకంటె తగిన కొలమానం దొరకదు. యాప్ రూపకర్తల శ్రద్ధ ఎక్కువగా ఎంపిక మీద ఉంటుంది. సామెత దృష్టి మాత్రం ధరించడం, తీయడం, అప్పగించడం మీద ఉంది.

1990లలో ఆపిల్ సంస్థలో పనిచేస్తూ ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చిన డొనాల్డ్ నార్మన్ కూడా దానిని తెరకు పరిమితం చేయలేదు. అమెరికాలో 2009లో మొదలైన రెంట్ ద రన్‌వే ఈ సంగతిని కొంతవరకు గ్రహించింది. గౌను వేసుకున్నవారు తమ ఎత్తు, కొలత తెలిపి ఫొటోలు పెట్టే వీలు కల్పించింది. ఒకే గౌనును రెండు సైజుల్లో పంపింది. అయినా 2019 సెప్టెంబరులో గోదాములో తలెత్తిన ఇబ్బందుల వల్ల సరుకు ఆలస్యమై, కొత్త ఆర్డర్లను కొంతకాలం నిలిపివేయవలసి వచ్చింది. తెర ఎంత సొగసుగా ఉన్నా వేడుకనాటికి దుస్తులు చేరకపోతే ఆ సొగసుకు విలువ లేదు. మన దేశంలో ముంబయి కేంద్రంగా 2015లో వచ్చిన ఫ్లైరోబ్ మొదలు, ఈ సేవలు ప్రధానంగా మహానగర వినియోగదారును ఊహించుకుని రూపొందినవే.

ఆ ఊహను నూజివీడు మామిడి ప్రాంతంలోని చాట్రాయి వంటి మండల కేంద్రంలో నిలిపి చూస్తే దాని పరిమితి తేటపడుతుంది. అక్కడ అద్దె కొత్త భావన కాదు. మామిడి తోటను అమ్మకుండానే ఆ ఏటి కాపును గుత్తకిస్తారు. పెళ్ళింటికి షామియానా, కుర్చీలు, గంగాళాలు సప్లయర్స్ దగ్గర తెస్తారు. తెచ్చేటప్పుడు లెక్క, అప్పగించేటప్పుడు లెక్క. సొట్ట ఉంటే ఇరుపక్షాల ఎదుటే తేలుతుంది. యాప్‌లో లోపించినది ఈ ముఖాముఖి అప్పగింతే. దుస్తులు ఎక్కడో గోదాములో విప్పి చూస్తారు, మరక ఉందని తీర్మానిస్తారు, డిపాజిట్‌లో కోత పెడతారు. తీర్పు వెలువడే చోట వినియోగదారు ఉండరు. పార్సెల్ విప్పినప్పుడు ఒకసారి, తిరిగి అప్పగించేటప్పుడు మరొకసారి తేదీ, సమయంతో ఫొటోలు తీసి యాప్‌లోనే భద్రపరచే వీలుంటే ఈ లోపం చాలావరకు తీరుతుంది. సాంకేతికంగా ఇది కష్టమైన పని కాదు.

మరక అన్న మాటనూ ప్రశ్నించవలసి ఉంది. తెలుగు పెళ్ళిలో పసుపు, కుంకుమ, గంధం, అక్షతలు బట్టల మీద పడడం ప్రమాదం కాదు, క్రతువులో భాగం. వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలు మామిడి కాపుతో కలిసివస్తాయి కాబట్టి విస్తట్లోని పండు రసాన్నీ ఆ జాబితాలో చేర్చవచ్చు. ‘సాధారణ వాడుక’, ‘నష్టం’ అని రెండే గళ్ళు ఉన్న నిబంధనల పత్రంలో వీటికి చోటెక్కడ?

కొలత విషయం మరీ సున్నితమైనది. దర్జీకి ఇచ్చే ఆది జాకెట్టు అంకెల పట్టిక కాదు. ఒంటికి సరిపోయిందని ఇదివరకే రుజువైన వస్త్రం. దాని స్థానంలో ఎస్, ఎమ్, ఎల్ అక్షరాలు పెట్టిన యాప్ వినియోగదారు అనుభవాన్ని అక్షరాలా చెరిపేస్తున్నది. ఆది జాకెట్టును పరచి చంక నుంచి చంకకు, భుజం నుంచి అంచుకు కొలిచే పద్ధతిని తెలుగులో, బొమ్మలతో చూపడం ఇక్కడ అవసరం.

అసలు ‘వినియోగదారు’ అన్న ఏకవచనమే సందేహాస్పదం. రిసెప్షన్ లెహెంగాను ధరించేది పెళ్ళికూతురు. ఫోను తమ్ముడిది కావచ్చు, డబ్బు తండ్రిది, ఆమోదం మేనత్తది. ఒకే ఖాతా, ఒకే ఓటీపీ, ఒకే చిరునామా మీద నడిచే యాప్ ఈ సమష్టి నిర్ణయాన్ని గుర్తించదు. పైగా అందరూ ఒకే దుస్తులను అద్దెకు ఒప్పుకోరు. అంచులకు పసుపు పెట్టిన మధుపర్కాలు ఎవరూ అద్దెకు తేరు. షేర్వానీకి, ఫొటోషూట్ గౌనుకు ఆ పట్టింపు తక్కువ. వేడుకలోని ఘట్టాల వారీగా కాక ధరల వారీగా దుస్తులను వర్గీకరించే యాప్ ఈ తేడాను చూడలేదు.

చట్టం కొంత తోడ్పడుతుంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ జారీచేసిన మార్గదర్శకాలు 13 రకాల మోసపూరిత రూపకల్పనలను పేర్కొన్నాయి. చెప్పకుండా బుట్టలో అదనపు రుసుము చేర్చడం, అసలు వెలను దాచి చివరి తెరపై పెంచడం వాటిలో ఉన్నాయి. బీమా, డ్రైక్లీనింగ్, రవాణా, డిపాజిట్ అనే నాలుగు రుసుములు ఉండగల ఈ వ్యాపారంలో ఆ రెండింటికీ అవకాశం ఎక్కువ. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలపాలనీ, నెలలోపు పరిష్కరించాలనీ అంటాయి. డిపాజిట్ తగాదాకు ఆ గడువు చాలవచ్చు. రేపు ముహూర్తమనగా లెహెంగా బిగుతైన ఇంటికి మాత్రం కావలసింది రెండో సైజు, లేదా చాట్రాయిలోనే కుట్టు విప్పి సరిచేసే దర్జీకి ముందుగా ఇచ్చిన అనుమతి.