వీరుడు ఓడిపోయే సినిమాలు

‘పల్నాటి యుద్ధం’ కథ గుంటూరు సీమది, సినిమా తయారైంది మద్రాసులో. అయినా 1947 నాటి ఆ చిత్రంలో పనిచేసినవాళ్ళ ఊళ్ళు చూస్తే సగం మన ఏలూరు చుట్టుపక్కలవే. దాన్ని పూర్తిచేసిన దర్శకుడు ఎల్.వి.ప్రసాద్‌ది ఏలూరు పక్కన దెందులూరు మండలంలోని సోమవరప్పాడు. నాగమ్మ వేషం కట్టిన కన్నాంబ ఏలూరులో పెరిగి, నాటకాల్లో పేరు తెచ్చుకుని సినిమాల్లోకి వెళ్ళిన నటి. బాలచంద్రుడిగా నటించిన అక్కినేని నాగేశ్వరరావుది కొల్లేటికి అవతల, గుడివాడ దగ్గరి రామాపురం. తెలుగులో చారిత్రక వీరుల సినిమాల గురించి రాయాలంటే నేను ఈ చిత్రం నుంచే మొదలుపెడతాను. ఊరి అభిమానం కొంత ఉన్నమాట నిజమే. కానీ ఆ తర్వాత రెండు దశాబ్దాల పాటు మనవాళ్ళు ఈ కోవలో తీసిన మంచి సినిమాలన్నిటి పద్ధతీ అందులో అప్పటికే ఉంది.

దాన్ని మొదలుపెట్టినవారు గూడవల్లి రామబ్రహ్మం. ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) తీసిన మనిషి పల్నాటి కథకు రావడంలో వింత లేదు. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని, మాల కన్నమదాసుకు సేనాపతి స్థానం ఇచ్చాడని కథ. కత్తులకంటే ముందు రామబ్రహ్మం గారిని పట్టినది ఆ చాపే అని నా నమ్మకం. సినిమా మధ్యలో ఉండగానే, 1946లో, ఆయన కన్నుమూశారు. మిగతా పని ఎల్.వి.ప్రసాద్ చేతికి వచ్చింది. అప్పటికే ఆయన హిందీ తొలి టాకీ ‘ఆలం ఆరా’లో, తమిళ తొలి టాకీ ‘కాళిదాస్’లో, తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో చిన్న చిన్న వేషాలు వేసినవాడు. మాట్లాడే సినిమా పుట్టుకను దగ్గరుండి చూసిన ఆ మనిషికి, ఈ కథలో బలమంతా మాటలోనే ఉందని ఎవరూ చెప్పనక్కర్లేదు.

జానపద చిత్రాన్నీ చారిత్రక వీరగాథనీ మన ప్రేక్షకులు ఒకే గాటన కట్టేస్తుంటారు. రెండిట్లోనూ కిరీటాలు, గుర్రాలు, కత్తియుద్ధాలు ఉంటాయి కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ రెండిటికీ పోలికే లేదు. జానపదంలో రాకుమారుడు మాంత్రికుణ్ణి చంపి రాకుమార్తెను చేపడతాడు. చారిత్రకంలో వీరుడు చచ్చిపోతాడు. బాలచంద్రుడు కారెంపూడిలో పడిపోతాడు. బొబ్బిలి రంగారాయుడు కోటతో పాటే పోతాడు. తిమ్మరుసు కళ్ళు పోగొట్టుకుంటాడు. పైగా ఈ సంగతి హాల్లోకి వచ్చే ప్రతివాడికీ ముందే తెలుసు. ముగింపు తెలిసిన కథతో జనాన్ని మూడు గంటలు కూర్చోబెట్టాలి. ఈ ప్రక్రియ నేర్పంతా అక్కడే ఉంది.

ఆ నేర్పు సినిమావాళ్ళు కనిపెట్టింది కాదు. పన్నెండో శతాబ్దంలో జరిగిన పల్నాటి పోరును ద్విపదలో చెప్పిన ‘పల్నాటి వీరచరిత్ర’ శ్రీనాథుడి పేరు మీద మనకు దక్కింది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు దాన్ని అచ్చువేయించారు. అచ్చుకు ఎన్నో తరాల ముందు నుంచీ పల్నాట్లో వీరవిద్యావంతులు ఆ కథను పాడుతూనే ఉన్నారు. కారెంపూడిలో కార్తీకమాసంలో జరిగే వీరుల ఉత్సవం ఐదు రోజుల పేర్లు చూడండి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. అసలు యుద్ధానికి మిగిలింది చివరి రోజొక్కటే. యుద్ధం దాకా నడిపించిన మాటలకు, పంతాలకు, మోసాలకు ముందు నాలుగు రోజులు. మంచి చారిత్రక చిత్రం కూడా ఇదే లెక్కన నడుస్తుంది. నిడివిలో ఎక్కువ భాగం సభలోనూ, రాయబారంలోనూ, అంతఃపురంలోనూ గడుస్తుంది. యుద్ధభూమి ఆఖర్న వస్తుంది.

కోడిపోరు సంగతే తీసుకుందాం. మన ప్రాంతం వాళ్ళకు ఇది విడమరచి చెప్పాల్సిన పని లేదు. సంక్రాంతికి తాడేపల్లిగూడెం, భీమవరం వైపు బరుల దగ్గర నిలబడ్డవాళ్ళకు ఆ గాలి తెలుసు. డేగ, కాకి, నెమలి అని రంగును బట్టి పేరు పెట్టి, ఏ వేళకు ఏది గెలుస్తుందో కుక్కుటశాస్త్రం తిరగేసి, కాలికి కత్తి కట్టి వదిలిన తర్వాత తేలిపోవడానికి పట్టేది కొన్ని క్షణాలే. పల్నాటి కథలో నాగమ్మ కోడి చేతిలో బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు ఓడిపోతుంది. పందెం ప్రకారం మాచర్లవాళ్ళు రాజ్యం వదిలి ఏడేళ్ళు వలస పోవాలి. కొన్ని క్షణాల పోరు మీద ఒక రాజ్యాన్ని, ఏడేళ్ళ బతుకులను పెట్టారు. ఇలాంటి ఘట్టాన్ని తెరకెక్కించేవాడు కోళ్ళను ఎంతసేపు చూపిస్తాడన్నది ముఖ్యం కాదు. కోడి పడిపోయాక బ్రహ్మనాయుడు మాట వెనక్కి తీసుకోకుండా లేచి నిలబడతాడే, ఆ నిలబడడం చూపించగలగాలి. గోవిందరాజుల సుబ్బారావు లాంటి రంగస్థల పండితుణ్ణి ఆ పాత్రకు ఎందుకు తెచ్చారో అక్కడ తెలుస్తుంది.

బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు యుద్ధానికి కదలడం కూడా అలాంటి చిన్న విషయంతోనే. బొంగరాలాట ఆడుతుంటే బొంగరం తగిలి ఒక ఆడపిల్ల కాలికి దెబ్బ తగులుతుంది. నీ వాళ్ళంతా యుద్ధానికి పోతే నువ్విక్కడ బొంగరాలాడుతున్నావా అని ఆ పిల్ల దెప్పుతుంది. ఇంటికి వచ్చి తల్లి ఐతమ్మను సెలవడుగుతాడు. కొడుకును ఆపలేక, కోడలైనా ఆపుతుందని ఆ తల్లి అతణ్ణి మాంచాల దగ్గరికి పంపుతుంది. మాంచాల ఆపదు. తన చేత్తోనే కత్తి అందించి పంపుతుంది. తనతో పోరుకు బయల్దేరిన వేర్వేరు కులాల తమ్ముళ్ళలో బ్రాహ్మణుడైన అనపోతుణ్ణి ఎలాగైనా బతికించాలని బాలచంద్రుడు ఏదో సాకు చెప్పి వెనక్కి పంపిస్తాడు. తనను వదిలేసి పోయారని తెలిసి అనపోతు ప్రాణం తీసుకుంటాడు. ఇంత కథ జరిగినా ఇంకా యుద్ధం మొదలుకాలేదు. కానీ చూసేవాడి గుండె అప్పటికే నిండిపోయింది. తర్వాత వచ్చే కత్తిపోరు ఏ మాత్రం ఉన్నా చాలు.

యుద్ధాన్ని ఆఖరికి ఉంచడం మొదటి సాధనమైతే, రెండోది పద్యం. ఇది నాటకం నుంచి వచ్చిన ఆస్తి. వేదం వేంకటరాయశాస్త్రి గారి ‘ప్రతాపరుద్రీయం’ (1897) నాటి నుంచీ మన రంగస్థలం రాజుల కథలను పద్యం మీదే నిలబెట్టింది. ఏలూరుకు ఇందులో పెద్ద వాటా ఉంది. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో పుట్టిన బందా కనకలింగేశ్వరరావు గారు ఏలూరులో వకీలుగా పనిచేస్తూనే ప్రభాత్ థియేటర్ పేరుతో నాటక సంస్థ నడిపారు. రాజరాజనరేంద్రుడి కొడుకు కథ ‘సారంగధర’ 1937లో సినిమా అయినప్పుడు సారంగధరుడు ఆయనే. నాటకంలో పద్యానికి రాగమే రాజు. హార్మోనియం శ్రుతి పట్టుకుని పావుగంట ఆలాపన చేసినా, ‘వన్స్ మోర్’ అని అరిచే జనం ఉండేవారు. సినిమాలో అది కుదరదు. కెమెరా ముఖం దగ్గరికి వచ్చేసరికి, సాగదీసిన రాగం కోపాన్ని చల్లార్చేస్తుంది. ఈ చిక్కును పూర్తిగా విడదీసినవాడు ఘంటసాల. ఆలాపనను రెండు మూడు గమకాలకు కుదించి, మాట విరుపును కాపాడి, పద్యం చివరి పాదంలో మాత్రమే గొంతు పైకి ఎత్తేవారు. సభలో రాజు పద్యం పాడడం సహజమేనా అని ఎవరూ అడగలేదంటే, పాటకంటే ముందు అందులో మాట వినపడింది కాబట్టే.

ఇక ఎదిరి పక్షం. ఈ సినిమాల విలువను నేను దీనితోనే కొలుస్తాను. నాగమ్మను కుట్రలు పన్నే ఆడమనిషిగా చూపించి సరిపెట్టుకోవడం చాలా తేలిక. కానీ ఆమె మంత్రి. పన్నెండో శతాబ్దంలో ఒక రాజ్యాన్ని చెప్పుచేతల్లో పెట్టుకున్న స్త్రీ. ఆమె తెలివి బ్రహ్మనాయుడి తెలివికి దీటుగా ఉంటేనే ఆ పోరుకు అర్థం. కన్నాంబ గొంతులో ఆ దీటు ఉండేది. ఎంత పొడవు సంభాషణైనా ప్రతి అక్షరం విడివిడిగా చివరి వరుసకు చేరేది. 1966లో గుత్తా రామినీడు ఇదే కథను మళ్ళీ తీసినప్పుడు ఎన్.టి.రామారావు బ్రహ్మనాయుడైతే, ఎదురుగా నాగమ్మగా భానుమతి. ఆ ఎంపిక చేసినవాళ్ళకు కథ మర్మం తెలుసు.

1947లో మొదటి ‘పల్నాటి యుద్ధం’ వచ్చిన కొన్ని నెలలకే దేశం రెండు ముక్కలైంది. దాయాదులు ఒకే నేల కోసం కొట్టుకుని ఇద్దరూ నాశనమయ్యే కథను ఆ ఏడాది చూసినవాళ్ళకు అది పాత కథలా అనిపించి ఉండదు.

‘బొబ్బిలి యుద్ధం’ (1964) పల్నాటి కథలా మధ్యయుగానిది కాదు, 1757 జనవరిలో జరిగింది. కానీ తీసిన పద్ధతి ఇదే, మనకు సంబంధమూ ఉంది. 1753లో నిజాం సలాబత్ జంగు తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం ఖర్చుల కింద నాలుగు సర్కారులు రాసిచ్చాడు. ముస్తఫానగరం, రాజమహేంద్రవరం, చికాకోలులతో పాటు ఏలూరు కూడా అందులో ఉంది. బొబ్బిలి కోట మీదికి నడిచిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ఖర్చులో మన సర్కారు శిస్తూ ఉందన్నమాట. సీతారాం దర్శకత్వంలో రామారావు రంగారాయుడు, భానుమతి మల్లమ్మ. తాండ్ర పాపారాయుడు మాత్రం నూజివీడులో పుట్టిన ఎస్.వి.రంగారావు. ఈ కథలో పాపారాయుడు ఆలస్యంగా వస్తాడు. రాజాం నుంచి అతను చేరేసరికి కోట కూలిపోయింది, అంతఃపురంలో ఆడవాళ్ళు లేరు, కాపాడడానికి ఏమీ మిగల్లేదు. చేయగలిగింది ఒక్కటే: రాత్రివేళ శత్రువైన విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి దూరి పొడిచి, తానూ పొడుచుకోవడం. గెలుపనేది లేని ఈ పగను మోయడానికి రంగారావు లాంటి బరువైన నిలువు, నిదానంగా దిగే ఆ గొంతు కావాలి. వేరే ఎవరు చేసినా అది ఉత్త హత్యగా మిగిలిపోయేది.

‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) ఈ కోవలో ఇంకా సాహసం. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, గుమ్మడి తిమ్మరుసు. కొండపల్లి గెలిచి సింహాచలం దాకా నడిచిన కృష్ణదేవరాయల జైత్రయాత్రను పక్కన పెట్టి, ఆ విజయాలన్నిటి వెనకున్న ముసలి మంత్రికి రాజు చేసిన అన్యాయం మీద సినిమా నిలబెట్టారు.

సరిగ్గా ఆ కాలంలోనే, 1961లో, హాలీవుడ్ వాళ్ళు స్పెయిన్ వీరుడి మీద ‘ఎల్ సిడ్’ తీశారు. చచ్చిపోయిన వీరుణ్ణి గుర్రానికి కట్టి యుద్ధానికి పంపే ముగింపు దానిది. వేల మందిని, నిజమైన కోటలను తెర మీదికి తేగలిగిన డబ్బు వాళ్ళ దగ్గర ఉంది. మద్రాసు స్టూడియోల్లో చెక్క, అట్ట, ప్లాస్టర్‌తో కోటగోడలు కట్టుకున్న మనవాళ్ళకు ఆ వైభవం లేదు. గోడ కదిలినట్టు కనిపించే సినిమాలూ, గుంపు పలచగా కనిపించే యుద్ధాలూ ఉన్నాయి. ఆ లోటును మాటతో, పద్యంతో, నటుడి ముఖంతో పూడ్చుకున్నారు.

ఇప్పుడు లోటు తిరగబడింది. మొగల్తూరు కృష్ణంరాజు, పాలకొల్లు దాసరి నారాయణరావు కలిసి తీసిన ‘తాండ్ర పాపారాయుడు’ (1986) నాటికి కూడా మాట మీద గురి పోలేదు. గుణశేఖర్ ‘రుద్రమదేవి’ (2015) ఎంతో ప్రేమతో, త్రీడీలో తీసిన సినిమా. ఆ తపనకు దణ్ణం పెట్టాలి. కానీ రుద్రమదేవిని పెళ్ళాడిన చాళుక్య వీరభద్రుడు మన తాడేపల్లిగూడెం పక్కనున్న నిడదవోలు రాజకుమారుడు. ఓరుగల్లుకూ గోదావరి సీమకూ ముడివేసిన ఆ పెళ్ళి ఎంత పెద్ద రాజనీతో చెప్పే సభాఘట్టం ఒక్కటి పడి ఉంటే సినిమా ఇంకో మెట్టు ఎక్కేదని నా అభిప్రాయం. కంప్యూటర్‌తో ఎంత పెద్ద కోటనైనా కట్టొచ్చు. అందులో నిలబడి రాజు ఏం మాట్లాడాలో రాయడానికి మాత్రం ద్విపద చదివినవాడు, బుర్రకథ విన్నవాడు కావాలి.

మన జిల్లాలోనే ఒక కథ ఉంది. కొల్లేరు నడుమ కొల్లేటికోటలో ఒడ్డె రాజుల కోట ఉండేదట. చిగురుకోట దగ్గర దిగిన శత్రువు నీళ్ళు దాటలేక, సరస్సునే సముద్రంలోకి దించేయడానికి ఉప్పుటేరు తవ్వించాడట. కోటలోని సేనాని గెలుపు కోసం కన్నకూతుర్నే బలిచ్చాడని, ఆ పిల్ల పేరుమీదే ఆ కాలువను పేరంటాళ కనుమ అన్నారని చెబుతారు. నీళ్ళు కోటకు కాపలా, ఆ నీళ్ళే పోతే కోట లేదు. తండ్రి ఒక పక్క, సేనాని ఒక పక్క, ఇద్దరూ ఒకే మనిషి. పల్నాటి కథకున్న దినుసులన్నీ ఇందులో ఉన్నాయి.

ఏలూరు, గూడెం, కైకలూరుల నుంచి కథలు పట్టుకుని హైదరాబాదు వెళ్తున్న కుర్రవాళ్ళకు నా విన్నపం ఇదొక్కటే. బడ్జెట్ లెక్కలు తర్వాత వేసుకోండి. ముందు పెద్దింట్లమ్మ జాతరకు కొల్లేటికోట వెళ్ళి, ఈ కథను లంకల్లోని పెద్దవాళ్ళ నోట వినండి. వాళ్ళు ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంటారో, ఎక్కడ గొంతు తగ్గిస్తారో కూడా రాసుకోండి.