గాయం దాచుకున్న నర్సు

ఆస్ట్రేలియా సైనిక నర్సు వివియన్ బుల్‌వింకెల్ పేరు వింటే అందరికీ 1942 ఫిబ్రవరి 16 గుర్తొస్తుంది. బంకా దీవిలో జపాన్ సైనికులు 22 మంది నర్సులను సముద్రంలోకి నడిపించి వెనకనుంచి కాల్చారు. ఆ నర్సుల్లో బతికింది ఆమె ఒక్కరే. నాకు మాత్రం ఆ తర్వాతి రోజులే గొప్పవనిపిస్తాయి. ఒంట్లోంచి తూటా దూసుకుపోయినా, అడవిలో దాక్కుని, తనకన్నా బాగా దెబ్బతిన్న బ్రిటిష్ సైనికుడి గాయాలు చూసుకున్నారు, ఊరి ఆడవాళ్లను అడిగి తిండి తెచ్చిపెట్టారు. డ్యూటీ చార్టు లేదు, డాక్టరూ లేడు! లొంగిపోయాక తన గాయం జపాన్ వాళ్ల కంటబడకుండా దాచుకున్నారు. మూడున్నరేళ్ల చెర, టోక్యో యుద్ధనేరాల విచారణలో సాక్ష్యం. ఇంకొకరైతే ఇక చాలనుకునేవారేమో. ఆమె మెల్‌బోర్న్‌లోని ఫెయిర్‌ఫీల్డ్ అంటువ్యాధుల ఆసుపత్రిలో 1977 దాకా మేట్రన్‌గా పనిచేశారు. 1975లో వియత్నాం అనాథ పిల్లల తరలింపులోనూ పాల్గొన్నారు.